కొన్నాళ్ల ప్రయాణము
(దూరదేశము వెళ్లిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము)

ధ్యానింపవలసిన భాగములు: ఆదికాండము 27:41–45, 28:10–22, 32:10



యాకోబు బెయేర్షెబా విడిచి హారానుకు బయలుదేరిన సంగతి మనమందరము ఎరిగినదే. అన్న కోపము చల్లారువరకు కొన్నాళ్లు మేనమామ యింట నుండి రమ్మని తల్లియైన రిబ్కా అతనిని పంపెను. ఆ కొన్నాళ్లు ఇరువది సంవత్సరములాయెను. చేతికఱ్ఱతో వెళ్లినవాడు రెండు గుంపులై తిరిగి వచ్చెను. ముసలి తండ్రిని మరల చూచెను. కాని తల్లిని చూచినట్లు లేఖనములో ఎక్కడను వ్రాయబడలేదు. కొన్నాళ్లని చెప్పి పంపిన ఆ తల్లి, కుమారుని ముఖము మరల చూడకయే కన్నుమూసెనని తలంచుటకే మనకు తావున్నది.

నెల్లికుదురు చుట్టుప్రక్కల మన సంఘములలో ఏటేట కొందరు యౌవనస్థులు ఇట్లు బయలుదేరుచున్నారు. ఒకరు గల్ఫు దేశములకు కూలిపనికి, ఒకరు అమెరికాకు పైచదువునకు, ఒకరు ఆస్పత్రిలో నర్సు పనికి పోవుచున్నారు. వారికొరకు ప్రార్థన పెట్టించి, పూలదండ వేసి, కేసముద్రము స్టేషనులోనో మానుకోట స్టేషనులోనో రైలెక్కించి వచ్చుచున్నాము. రెండేండ్లలో తిరిగి వచ్చునని చెప్పుకొనుచున్నాము. తరువాత వారికి ఏమగునో, ఇంటిలో మిగిలినవారికి ఏమగునో తక్కువగా ఆలోచించుచున్నాము. కావున ఈ నెల ఒక తెలుగు మనుష్యుని కథ మీకు చెప్పగోరుచున్నాను.

ఆయన క్రైస్తవుడు కాడు. నియోగి బ్రాహ్మణ కుటుంబమున పుట్టినవాడు. అయినను మన ప్రభువు పొరుగువాడెవడో బోధించునప్పుడు సమరయుని చూపెను గదా. నీతిమంతుల పొలముమీదను అనీతిమంతుల పొలముమీదను ఒకే వాన కురిపించు దేవుడు, ఈయన చేతులమీదుగా మన పల్లెలకు కూడ మేలు చేసెను. ఆ మేలు ఎట్టిదో ముందు చూతము.

బాల్యము

యెల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో పుట్టెను. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. జబ్బుచేసి ఆ ఉద్యోగము ముందుగానే వదలుకొనవలసి వచ్చెను. ఇంటినిండ పిల్లలు, చేతిలో డబ్బు తక్కువ.

ఈ బాలుడు చదువులో మొదట చురుకైనవాడు కాడు. పదమూడేండ్ల ప్రాయమున డబ్బు సంపాదింపవలెనని ఇల్లు విడిచి కాశీకి బయలుదేరెననియు, అక్కడ యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతుడు కావలెనని తలంచెననియు, మధ్యదారిలోనే పట్టి వెనుకకు తెచ్చిరనియు చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్ష రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసులో గట్టెక్కెను. తల్లి తన నగలమ్మి చదివించెను. పరీక్ష తప్పిన పిల్లవానిని పనికిరానివాడని ముద్రవేయు మన అలవాటునకు ఈ మూడవ ప్రయత్నము మంచి జవాబు. దావీదును కూడ మొదట ఇంటివారు గొఱ్ఱెలయొద్దనే విడిచిపెట్టిరి గదా.

తరువాత యౌవనుడు సన్యాసము పుచ్చుకొని రామకృష్ణ మఠములో చేరగోరెను గాని తల్లి ఒప్పుకొనలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. ఖర్చునకు స్నేహితులు కొంత, కాకినాడవైపు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కొంత సహాయము చేసిరి. 1919లో ఆ మూర్తిగారి కుమార్తె శేషగిరిని వివాహము చేసికొనెను.

అవి గాంధీగారి పిలుపు దేశమంతట వినబడుచున్న దినములు. సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోనికి ఖద్దరు దుస్తులు వేసికొని వెళ్లెను. అది పైవారికి నచ్చలేదు. వ్రాతపరీక్షలు బాగుగా వ్రాసినను, పూర్తి డిగ్రీయైన ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చెను. ప్రభుత్వ వైద్యశాఖలో చోటు దొరకక మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో బోధకుడుగా చేరెను.

ఇంతకుముందే ఇంటిమీద మరియొక దెబ్బ పడియుండెను. అన్నదమ్ములిద్దరు కొద్ది దినముల తేడాలో గ్రహణి రోగముతో మరణించిరి. తిన్నది ఒంటబట్టక, విరేచనములై, రక్తము క్షీణించి మనిషి ఎండిపోవు రోగమది. అప్పటి వైద్యులకు దాని మూలము తెలియదు. తాను కూడ ఆ రోగముచేతనే బాధపడెను. ఈ రోగమునకు మందు కనుగొనవలెనన్న ఆశ అప్పటినుండి ఆయన లోపల నిప్పువలె ఉండెను.

సముద్రము దాటుట

మామగారు ఇచ్చిన డబ్బును, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయమును పట్టుకొని, 1920 తరువాతి తొలి సంవత్సరములలో సుబ్బారావు అమెరికాకు బయలుదేరెను. బోస్టను పట్టణమునందలి హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణదేశపు వ్యాధులను గూర్చి చదువుటకు పోయెను. చదువు ముగించుకొని తిరిగి రావలెననియే ఆయన తలంపు. భార్య అప్పటికి చిన్నది, గర్భవతి.

అక్కడ దిగిన తరువాత ఏమాయెను? ఇక్కడి డిగ్రీకి అక్కడ విలువ లేకపోయెను. వైద్యుడుగా పనిచేయు అనుమతి దొరకలేదు. చేతిలోని డబ్బు అద్దెకును ఫీజుకును చాలలేదు. కావున పీటర్ బెంట్ బ్రిగాము అను ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా కుదిరెను. పగలు చదువు, రాత్రి రోగుల మలమూత్ర పాత్రలు కడుగుట. మద్రాసులో వైద్యుడనిపించుకొన్నవాడు, ఏ పనిని ఆ కులమువారు చేతితో ముట్టరో ఆ పని చేసెను. 1924లో డిప్లొమా పుచ్చుకొనెను.

ఇక్కడ ఒక్క నిమిషము ఆగుదము. మన యౌవనులు అక్కడినుండి పంపు ఫోటోలలో కారు కనబడును, మంచు కనబడును. రాత్రి హోటలులో గిన్నెలు తోముటయు, పెట్రోలు బంకులో నిలబడుటయు ఆ ఫోటోలలో కనబడవు. అట్టి పని చేయుటలో సిగ్గు లేదు. గురువైయుండి శిష్యుల పాదములు కడిగిన ప్రభువును మనము సేవించుచున్నాము. కాని ఇంటికి నిజము వ్రాయుటకు భయపడుటలో గొప్ప కీడున్నది. అమ్మానాన్నలు ఊరిలో తలయెత్తుకొని తిరుగవలెనని కుమారుడు కష్టము దాచును. కుమారుడు చల్లగా ఉన్నాడని తలంచి వారు మరియొక అప్పు చేయుదురు. ఇట్లు ప్రేమచేతనే ఒకరినొకరు మోసపుచ్చుకొందురు.

ఆయన దూరమందుండగా ఇక్కడ మగబిడ్డ పుట్టెను. ఏడాది నిండకమునుపే ఆ బిడ్డ జబ్బుచేసి చనిపోయెను. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. ఎత్తుకొననులేదు, పాతిపెట్టనులేదు.

పని, ఫలము

చదువు ముగిసిన పిమ్మట సుబ్బారావు హార్వర్డులోనే సైరస్ ఫిస్కె అను ఆచార్యునియొద్ద పరిశోధనలో చేరెను. 1925లో, రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంతయున్నదో కొలుచు పద్ధతిని వారిద్దరు ప్రకటించిరి. అది నేటికిని వారిద్దరి పేర్లతోనే పిలువబడుచున్నది. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వెల్లడిచేసిరి. మనము నాగలి పట్టినను, బిందె యెత్తినను, గుండె కొట్టుకొన్నను, ఆ శక్తి శరీరమున ఈ పదార్థము ద్వారానే ఖర్చగును. 1930లో పిహెచ్.డి. పట్టము వచ్చెను.

ఇంత చేసినను ఆ విశ్వవిద్యాలయములో ఆయనకు స్థిరమైన ఉద్యోగము దొరకలేదు. ఆయన చేసిన పనిలో కొంత ఆ కాలమందు వెలుగు చూడలేదనియు, కొన్ని ఏండ్ల తరువాత ఇతరులు దానిని మరల కనుగొనవలసి వచ్చెననియు, ఆ దినములలో అక్కడనే పనిచేసి 1988లో నోబెల్ బహుమానము పొందిన జార్జి హిచింగ్సు చెప్పెను. పరదేశిగా నున్నవాడు ఇతరులకంటె రెట్టింపు పనిచేసి సగము పేరు పొందుట ఈనాటి సంగతి మాత్రమే కాదు. లాబానునొద్ద యాకోబు కూలి పదిమారులు మార్చబడెను.

1940లో సుబ్బారావు హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రమందు పెర్ల్ రివరు అను ఊరిలోనున్న లెడర్లె మందుల కంపెనీలో చేరెను. కొలదికాలములోనే పరిశోధన విభాగమంతటికి అధిపతియాయెను. తరువాతి ఎనిమిదేండ్లలో ఆయన నడిపిన బృందములు చేసిన పనిని చూడుడి.

మొదటిది, ఫోలిక్ ఆమ్లము. 1931లో లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో మిల్లు పనిచేయు గర్భవతులను పరీక్షించి, వారి రక్తహీనతను బాగుచేయు పదార్థ మేదో ఈస్టులో ఉన్నదని కనుగొనెను. ఆ పదార్థమును 1945లో సుబ్బారావుగారి బృందము ప్రయోగశాలలో తయారుచేసెను. మన ఊరి ఏ.ఎన్.ఎం. గర్భవతులకిచ్చు ఇనుము మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఇదియే. అంతేకాదు, అన్నదమ్ములను తీసికొనిపోయిన ఆ గ్రహణి రోగమునకు కూడ ఇది మందని త్వరలోనే తేలెను. ఆయన వెదకుచు పోయినది ఇరువదియేండ్లకు పైగా గడచిన తరువాత దొరికెను.

రెండవది, హెట్రజాను. 1947లో ఇది బోదకాలు జబ్బుకు మందని వెల్లడియాయెను. బోదకాలు మన పల్లెలు బాగుగా ఎరిగిన జబ్బు. దోమద్వారా వచ్చిన పురుగు ఒంటిలో చేరి, కాలు ఏనుగు కాలువలె ఉబ్బి, మనిషి పొలమునకు పోలేక, గుడికిని రాలేక అరుగుమీద కూర్చుండిపోవును. ఇంటింటికి వచ్చి ఎదుట నిలిచి మింగించు బోదకాలు మాత్రలలో డి.ఇ.సి. అనునది ఈ మందే. ఈసారి ఆ మాత్ర చేతిలో పెట్టినప్పుడు అరుగుక్రింద పారవేయకుడి.

మూడవది, ఎమినోప్టెరిను. అంతవరకు రక్తపు క్యాన్సరు వచ్చిన పిల్లలకు మందే లేదు. వారములలోనో నెలలలోనో చనిపోవుదురు. సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు లెడర్లెలో తయారైన ఈ మందును అట్టి పిల్లలకిచ్చి చూడగా కొందరికి రోగము కొంతకాలము వెనుకకు తగ్గెను. ఆ సంగతి 1948లో ప్రకటించెను. దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరుకును కీళ్లవాతమునకును వాడబడుచున్నది. ఫార్బరు ఆ పిల్లలకు చికిత్సచేసినది బోస్టనులోనే. ఏ పట్టణమందు రాత్రిళ్లు రోగుల పాత్రలు కడిగెనో ఆ పట్టణమునకే ఆయన మందు వెళ్లెను. తన బిడ్డను చూడలేకపోయిన తండ్రి ఇతరుల బిడ్డల ఆయుష్షు పొడిగించుటకు సాధనమాయెను.

నాలుగవది, ఆరియోమైసిను. బెంజమిన్ డగ్గరు అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఈ మందు 1948లో లోకమునకు తెలియవచ్చెను. నేడు మనము టెట్రాసైక్లిను అని పిలుచు మందుల కుటుంబమునకు ఇది పెద్దది.

మిగిలిన కన్నీరు

ఆరియోమైసిను పేరు మారుమ్రోగుచున్న ఆ 1948వ సంవత్సరమే, ఆగస్టు 8–9 తేదీల రాత్రి నిద్రలో సుబ్బారావుగారి గుండె ఆగిపోయెను. వయస్సు 53 సంవత్సరములు. పరదేశమందు ఒంటరిగా చనిపోయెను. వెళ్లినది మొదలు ఒక్కసారియైనను మాతృదేశము చూడలేదు. భార్య శేషగిరిగారు ఆయన ముఖము మరల చూడలేదు.

ఎందుకు రాలేదని మనము న్యాయము తీర్చనవసరము లేదు. ఆ కాలమున త్రోవ సులువు కాదు. 1917లోను 1924లోను అమెరికా చేసిన చట్టములు ఆసియావారు అక్కడ స్థిరపడుటకు తలుపు మూసెను. భారతీయులకు పౌరసత్వము ఇయ్యకూడదని 1923లో వారి సుప్రీముకోర్టు తీర్పిచ్చెను. 1946లో గాని ఆ తలుపు కొంచెము తెరువబడలేదు. తెరచిన తరువాత కూడ సుబ్బారావు అమెరికా పౌరుడు కాలేదు. ఆ దేశములో పరదేశిగానే బ్రదికి పరదేశిగానే పోయెను. ఇక్కడికి రాలేదు, అక్కడివాడు కాలేదు.

ఆయన పుట్టి నూరేండ్లయిన 1995లో భారత ప్రభుత్వము ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసెను. శేషగిరిగారికి ఎవరును బిళ్ల వేయలేదు. అయితే ఈ కథలో సగము భారము మోసినది ఆమెయే. ఒక మందు పుట్టుటకు ప్రయోగశాలలో ఎన్ని రాత్రులు గడచెనో శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ఆమె వాకిట ఎన్ని రాత్రులు గడచెనో దేవుడొక్కడే లెక్కించెను.

ప్రియులారా, నేను ఈ కథ పొగడ్తకొరకు మాత్రమే వ్రాయలేదు. ఆయన చేసిన మేలు నిజము. ఆ మేలునకు ఇంటివారు ఇచ్చిన వెల కూడ నిజము. రెండింటిని కలిపి చూచినప్పుడే ఈ జీవితము మనకు బుద్ధి చెప్పును.

మనము నేర్చుకొనవలసినవి

వెళ్లు యౌవనస్థులారా, మొదట వెళ్లు త్రోవను పరీక్షించుకొనుడి. ప్రభుత్వమువద్ద నమోదైన ఏజెంటు అవునో కాదో, కాగితములో వ్రాసిన పని, జీతము ఏమో, పెద్దవారితో చదివించుకొని గాని సంతకము పెట్టకుడి. కాలేజీ నిజమైనదో, మీ డిగ్రీ అక్కడ చెల్లునో లేదో ముందుగానే తెలిసికొనుడి. సుబ్బారావు వంటి మేధావికే ఇక్కడి కాగితము అక్కడ చెల్లలేదు. గోపురము కట్టగోరినవాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పినది దీనికి కూడ వర్తించును.

అక్కడ చేరిన తరువాత ఇంటికి నిజమే చెప్పుడి. ఆకలిగానున్న దినము ఆకలియని చెప్పుడి. ఆదివారమున సంఘమును వెదకుకొనుడి. యాకోబు రాయి తలగడగా పండుకొన్న చోటనే నిచ్చెన చూచెను. దేవుడు బెయేర్షెబాలోనే యున్నాడని అతడు తలంచెను గాని, దారిలో కూడ ఉన్నాడని ఆ రాత్రి తెలిసికొనెను. దుబాయిలోని కూలివారి గదిలోను, బోస్టను మంచులోను ఆ నిచ్చెన దిగును.

తలిదండ్రులారా, ఉన్న రెండెకరముల మిరప చేను కుదువపెట్టి పంపునప్పుడు, ఆ భారమంతయు ఆ బిడ్డ భుజములమీద పడునని మరువకుడి. ప్రతి ఫోనులోను డబ్బు మాటయే మొదటి మాట కాకుండ చూచుకొనుడి. అక్కడ నిలువలేక తిరిగి వచ్చినవానిని ఓడిపోయి వచ్చినవాడని అనకుడి. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి, తెచ్చిన సొమ్ము ఎంతయని అడుగలేదు.

పెండ్లియైన వెంటనే భార్యను విడిచి వెళ్లువారలారా, మీరు లేని ఇంటిని గూర్చి భార్యాభర్తలిద్దరు కలిసి మాటలాడుకొని నిర్ణయించుకొనుడి. తిరిగి వచ్చు దినము ముందే పెట్టుకొనుడి. కొన్నాళ్లు అనునది కాలెండరులో దొరకని మాట.

సంఘస్థులారా, ఇది మన పని కూడ. వెనుకటి మన సంఘములు ఇట్టి భారము మోసినవి. తెలుగు కూలివారు చెరకు తోటలకును తేయాకు తోటలకును దక్షిణాఫ్రికాలోని నేటాలునకు ఓడలలో వెళ్లినప్పుడు, వారిని కాయుటకు తెలుగు బాప్తిస్టు సంఘములు 1903లో నెల్లూరు సీమనుండి జాన్ రంగయ్య గారిని పంపినవి. మన దోర్నకలు సంగతి కూడ తలంచుకొనుడి. తమిళ దేశమున పుట్టిన అజరయ్య అయ్యగారు భాష, ఊరు, బంధువులను విడిచి ఈ నైజాము సీమకు వచ్చి, తెలుగు నేర్చి, 1912లో బిషప్పుగా అభిషేకము పొంది, 1945లో మరణించువరకు మన మధ్యనే జీవించెను. పరదేశిగా వచ్చినవాడు మనకు తండ్రియాయెను. పరదేశిని ప్రేమించు సంఘము ఎట్టిదో ఆయనవలన మనము నేర్చుకొంటిమి గదా. వెళ్లినవారి పేర్లు ఒక కాగితముమీద వ్రాసి, ప్రతి ఆదివారము ప్రార్థనలో చదువుదము. అంతకంటె ముఖ్యముగా, వెళ్లినవారి ఇంట మిగిలిన భార్యను, తల్లిని నెలకొకసారి వెళ్లి పలుకరింతము. వరి కోతలప్పుడు ఆ ఇంటి మడిలో ఒక చేయి వేయుదము. జ్వరము వచ్చిన దినము ఆ పిల్లవానిని ఆస్పత్రికి తీసికొనిపోవుటకు ఒక మగదిక్కు సంఘములో ఉండవలెను. రిబ్కా వాకిటకు ఎవరైనను పోయిరో లేదో మనకు వ్రాయబడలేదు. మన ఊరి రిబ్కాల వాకిట మన అడుగులు పడవలెను.

ప్రార్థన

ప్రయాణస్థుల దేవా, ఇల్లు విడిచి దూరదేశమందున్న మా బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. వారి చేతిపనిని ఆశీర్వదించి, వారి నోట నిజముంచుము. వారికొరకు వాకిట ఎదురుచూచువారిని ఓదార్చుము. వారి ఆకలిలో రొట్టెయును, చలిలో వస్త్రమును అనుగ్రహించి, సమాధానముతో ఇంటికి తోడుకొని రమ్ము. మేము వారి ఇండ్లను మరువకుండునట్లు మాకు నేర్పుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.